మార్కులు మారగానే ఎరుపు ఎటుపోయింది?

పిల్లల కోసం ఒక క్విజ్ తయారవుతోందనుకుందాం. తెర మీద ప్రశ్న, కింద నాలుగు జవాబులు, పై మూలన మార్కులు. మార్కుల అంకె ఎర్రగా, లావుగా కనిపించాలని స్క్రిప్టులో రాశారు. మొదటిసారి నడిపి చూస్తే అంతా బాగుంది. సరైన జవాబు నొక్కగానే సున్నా కాస్తా పది అయింది. ఆ మార్పుతో పాటే ఎరుపు పోయింది, లావు పోయింది. నల్లగా, సన్నగా పది మిగిలింది. ఎర్రర్ సందేశం ఒక్కటీ రాలేదు. స్క్రిప్టును ఎన్నిసార్లు చదివినా రంగు మార్చమన్న వాక్యం ఎక్కడా కనిపించదు.

ఫ్లాష్‌తో పనిచేసినవారికి ఇది బాగా తెలిసిన తలనొప్పి. డైరెక్టర్‌లో ఇంకో రూపంలో, ఇప్పటి యానిమేట్‌లో మరో రూపంలో ఇదే జాతి లోపాలు ఎదురవుతాయి. ఇంగ్లీషులో పనిచేసేవారికి వీటివల్ల అందం చెడుతుంది, అంతవరకే. తెలుగులో పాఠాలు, ఆటలు, బొమ్మల కథలు తయారుచేసేవారికి మాత్రం కొన్నిసార్లు తెర మీద తెలుగే మిగలదు. తెలుగు డిజైనర్లు, ఉపాధ్యాయులు ఈ లోపాలు పుట్టే చోట్లు తెలుసుకోవాల్సింది అందుకే.

బొమ్మ, మాట, పాట, కదలిక అన్నింటినీ ఒకచోట చేర్చి, నొక్కితే స్పందించే పాఠంగానో ఆటగానో మలిచే సాధనాలను మల్టీమీడియా ఆథరింగ్ సాఫ్ట్‌వేర్ అంటారు. షికాగోలో 1984లో మొదలైన మాక్రోమైండ్ సంస్థ మరుసటి ఏడాది వీడియోవర్క్స్ అనే యానిమేషన్ ప్రోగ్రామును తెచ్చింది. అదే తర్వాత డైరెక్టర్ అయింది. దానికి జాన్ హెన్రీ థాంప్సన్ లింగో అనే స్క్రిప్టు భాషను రూపొందించారు. 1990లలో సీడీ-రామ్‌ల మీద వచ్చిన ఎన్నో ఆటలు, విజ్ఞాన పాఠాలు డైరెక్టర్‌లో తయారైనవే. ఫ్లాష్ దానికి తమ్ముడి వరస. 1996లో ఫ్యూచర్‌స్ప్లాష్ యానిమేటర్ అన్న పేరుతో వచ్చి, ఆ ఏడాది చివరికల్లా, మాక్రోమైండ్ నుంచి పుట్టిన మాక్రోమీడియా చేతికి చేరింది. 2000లో ఫ్లాష్ 5తో యాక్షన్‌స్క్రిప్ట్ వచ్చాక అది వట్టి బొమ్మలాట సాధనంగా ఆగిపోలేదు. 2005 డిసెంబరులో మాక్రోమీడియాను అడోబీ కొనుక్కోవడంతో రెండూ దాని గూటికి చేరాయి.

ఇప్పుడు మన ఎర్ర అంకె దగ్గరికి వద్దాం.

యాక్షన్‌స్క్రిప్ట్‌లో అక్షరాల రూపురేఖలు మార్చడానికి టెక్స్ట్‌ఫార్మాట్ అనే వస్తువు ఉంది. ఫాంటు, సైజు, రంగు, లావు, వాలు అన్నీ అందులో రాసి, సెట్‌టెక్స్ట్‌ఫార్మాట్ అనే ఆజ్ఞతో టెక్స్ట్ ఫీల్డుకు ఇస్తారు. ఆ ఆజ్ఞ పనిచేసేది ఆ క్షణాన ఫీల్డులో ఉన్న అక్షరాల మీద మాత్రమే. రేపు రాబోయే అక్షరాల గురించి దానికేమీ పట్టదు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపుకున్నామనుకోండి, ఆ బస్సు చెడిపోయి డిపో నుంచి ఇంకో బస్సు వస్తే కర్చీఫ్ పాత బస్సులోనే ఉండిపోతుంది. ఫీల్డులోని టెక్స్టును కొత్త విలువతో మార్చడమంటే బస్సును మార్చడమే. కొత్తగా వచ్చిన పది ఫీల్డు సొంత అలవాటు ప్రకారం కనిపిస్తుంది. స్క్రిప్టుతో పుట్టించిన ఫీల్డుకు విండోస్‌లో ఆ అలవాటు టైమ్స్ న్యూ రోమన్ ఫాంటు, సైజు 12, నలుపు రంగు.

ఆ అలవాటునే మార్చాలంటే వేరే తలుపు తట్టాలి. యాక్షన్‌స్క్రిప్ట్ 3లో దాని పేరు డిఫాల్ట్‌టెక్స్ట్‌ఫార్మాట్. టెక్స్టు పెట్టకముందే దీన్ని నిర్ణయిస్తే, ఆ తర్వాత మార్కులు ఎన్నిసార్లు మారినా ఎరుపు చెక్కుచెదరదు. ముందు టెక్స్టు పెట్టి తర్వాత డిఫాల్టు నిర్ణయిస్తే మొదటి అంకె నల్లగా, తర్వాతివి ఎర్రగా వస్తాయి. ఉన్న అక్షరాలకు ఒకటి, రాబోయే అక్షరాలకు ఒకటి అని రెండు ఆజ్ఞలున్నాయన్న సంగతి మనసులో ఉంటే ఈ జాతి ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం ఇట్టే తెలిసిపోతుంది.

ఇక్కడే ఇంకో మెలిక. డిఫాల్టు సైజును 30 చేద్దామని, ఫీల్డు డిఫాల్టు ఫార్మాట్‌లోని సైజు ఇక నుంచి 30 అని నేరుగా రాస్తారు. తప్పు పట్టే నాథుడు ఉండడు, సైజు మాత్రం మారదు. ఫీల్డును తన ఫార్మాట్ ఏదని అడిగినప్పుడు అది ఇచ్చేది అసలు ప్రతి కాదు, నకలు. నకలు మీద దిద్దిన దిద్దుబాటు అసలుకు చేరదు. ఆ నకలును ఒక పేరుతో పట్టుకుని, దిద్ది, మళ్లీ ఫీల్డుకు అప్పగించాలి. ఒకసారి వాడిన టెక్స్ట్‌ఫార్మాట్‌లో తర్వాత రంగు మార్చినా అంతే, మళ్లీ ఆజ్ఞ ఇచ్చేదాకా తెర మీద కదలిక ఉండదు. అడోబీ ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో స్క్రిప్టులు రాసేవారికీ ఇదే పద్ధతి. టెక్స్ట్ లేయర్ విలువను తీసుకుని మార్చాక, తిరిగి పెట్టే ఆజ్ఞ ఇవ్వకపోతే ఆ శ్రమంతా గాలికి పోతుంది.

పాత స్క్రిప్టును కొత్త వెర్షన్‌కు తెచ్చినవారికి ఎదురయ్యే చిక్కు ఇంకొకటి. వాక్యంలో ఒక్క పదానికే రంగు వేయాలంటే మొదలు, చివర స్థానాలు చెప్పాలి. యాక్షన్‌స్క్రిప్ట్ 2లో ముందు ఆ రెండు అంకెలు, తర్వాత ఫార్మాట్ ఇచ్చేవారు. 2006లో ఫ్లాష్ ప్లేయర్ 9తో వచ్చిన యాక్షన్‌స్క్రిప్ట్ 3లో ఫార్మాట్ ముందుకొచ్చింది, అంకెలు వెనక్కి వెళ్లాయి. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. చివరి అంకె మాత్రం ఆఖరి అక్షరానిది కాదు, దాని తర్వాతి చోటుది. అంటే మొదటి ఐదు అక్షరాలకు రంగు వేయాలంటే సున్నా, ఐదు అని చెప్పాలి. సున్నా, నాలుగు అంటే ఐదో అక్షరం రంగు లేకుండా మిగులుతుంది. ఉన్నదానికంటే పెద్ద అంకె ఇస్తే 2006 నంబరు ఎర్రర్ వస్తుంది. ఎర్రర్ వచ్చిందంటే ఒక రకంగా అదృష్టమే. దేన్ని వెతకాలో సాఫ్ట్‌వేర్ తానే చెప్పినట్టు. నోరు మెదపకుండా చెడిపోయేవాటితోనే అసలు కష్టం.

అలాంటివాటిలో ముందుగా చెప్పాల్సింది అక్షరాలు పూర్తిగా మాయమవడం. ఫీల్డు ఉంది, టెక్స్టు ఉంది, తెర మీద ఖాళీ. ఫైలులో పొదిగిన ఫాంటునే వాడమని చెప్పడానికి ఎంబెడ్‌ఫాంట్స్ అనే మీట ఉంటుంది. దాన్ని ఆన్ చేస్తే ఫ్లాష్ కంప్యూటర్‌లోని ఫాంట్ల వైపు చూడదు, ఫైలులో పొదిగిన అక్షరాలనే వాడుతుంది. ఆ ఫాంటు అసలు పొదగకపోయినా, మామూలు అక్షరాలు పొదిగి లావు అక్షరాలను వదిలేసినా, అంకెలు పొదిగి అక్షరాలను మరిచినా, లేనివాటి చోట ఖాళీయే. ఇంకో ఫాంటుతో సర్దుకుపోయే గుణం దానికి లేదు. పాత ఫ్లాష్‌లో ఫాంటు పొదగకుండా టెక్స్టును కాస్త వంపు తిప్పినా అది మాయమయ్యేది, పారదర్శకత తగ్గిస్తే అసలు పట్టించుకునేదే కాదు.

చేయి తిరిగిన డెవలపర్లు ఇలాంటప్పుడు వరసగా కొన్ని పనులు చేస్తారు. మొదట ఫీల్డు అంచును ఆన్ చేస్తారు. గీత కనిపిస్తే ఫీల్డు ఉన్నట్టు, సమస్య అక్షరాలదే. గీత కూడా లేకపోతే వెతకాల్సింది ఫాంటును కాదు, టైమ్‌లైన్‌ను. తర్వాత టెక్స్టు వెడల్పు ఎంతో ట్రేస్ చేయిస్తారు. ఎంబెడ్‌ఫాంట్స్‌ను ఆపి, అండర్‌స్కోర్ సాన్స్ అనే సాదా ఫాంటు పెట్టి చూస్తారు. అక్షరాలు తిరిగొస్తే పొదగడంలోనే లోపమన్నమాట. ఆఖరున, ఫైలులో నిజంగా ఏ ఫాంట్లు పొదిగి ఉన్నాయో చెప్పే ఎన్యూమరేట్‌ఫాంట్స్ అనే ఆజ్ఞతో పేర్లన్నీ రాబడతారు. ఆ పేర్లకూ స్క్రిప్టులో రాసిన పేరుకూ పొంతన లేదని చాలాసార్లు అక్కడే బయటపడుతుంది.

టైమ్‌లైన్ చిక్కు ఎలాంటిదంటే, స్క్రిప్టు మొదటి ఫ్రేములో నడుస్తుంది, ఫీల్డేమో పదో ఫ్రేములో పుడుతుంది. లేని ఫీల్డుకు రంగు వేయమంటే యాక్షన్‌స్క్రిప్ట్ 3 తన పేరుమోసిన 1009 నంబరు ఎర్రర్ చూపిస్తుంది. అంతకంటే మోసకారిది వెనక్కి వెళ్లడం. పాఠం మళ్లీ మొదటికి వెళ్లి, అదే కీఫ్రేముకు తిరిగొస్తే అక్కడ కనిపించేది పాత ఫీల్డు కాకపోవచ్చు, అదే పేరుతో కొత్తగా పుట్టింది కావచ్చు. దానికి మనం నేర్పిన రంగులేవీ తెలియవు. మొదటిసారి బాగుండి, రెండోసారి ఆడినప్పుడే చెడే లోపాలు చాలావరకు ఇక్కడివే. పరీక్షించేవారు ఒక్కసారి ఆడి వదిలేస్తే ఇవి కంటపడవు.

టెక్స్టును హెచ్‌టీఎంఎల్ రూపంలో ఇస్తే ఈ తిప్పలన్నీ తప్పుతాయనుకునేవారు ఉన్నారు. కొంత తప్పుతాయి, కొన్ని కొత్తవి వస్తాయి. ఫ్లాష్‌కు అర్థమయ్యేది హెచ్‌టీఎంఎల్‌లో చిన్న ముక్కే. లావుకు బి ట్యాగు తెలుసు, స్ట్రాంగ్ ట్యాగు తెలియదు, పట్టికలు అసలే తెలియవు. తెలియని ట్యాగును చప్పుడు లేకుండా పక్కన పెట్టేస్తుంది. పైగా మనం ఇచ్చిన హెచ్‌టీఎంఎల్‌ను అది తన పద్ధతిలో తిరగరాసుకుంటుంది. తిరిగి చదివితే మనం రాయని పేరా ట్యాగులు, ఫాంట్ ట్యాగులు నిండి ఉంటాయి. ఉన్నదానికి ఇంకొంత జోడిస్తూ పోతే అనుకోని చోట పంక్తులు విరిగేది అందుకే. మొత్తం వాక్యాన్ని విడిగా ఒక వేరియబుల్‌లో కూర్చుకుని, ఒకేసారి ఫీల్డుకు ఇవ్వడం మేలు. స్టైల్ షీట్ వాడితే దాన్ని టెక్స్టు కంటే ముందే తగిలించాలి. ఒకసారి తగిలించాక ఆ ఫీల్డుకు సెట్‌టెక్స్ట్‌ఫార్మాట్ ఇస్తే 2009 నంబరు ఎర్రర్ వస్తుంది. ఒక ఫీల్డుకు ఇద్దరు యజమానులను ఫ్లాష్ ఒప్పుకోదు. ఇది మంచి నియమం, మిగతా సాధనాల్లోనూ ఇలా ఉంటే బాగుండేది.

డైరెక్టర్‌లో కథ వేరు. అక్కడ అక్షరాలు ఉంచే పాత్రలు రెండు రకాలు. ఒకటి ఫీల్డు, పాతది, తేలికైనది. రెండోది టెక్స్ట్, నున్నని అంచులతో అందమైన అక్షరాలు చూపేది. కంటికి రెండూ ఒకేలా కనిపించవచ్చు. లింగోలో లావు చేయమనే తీరు మాత్రం వేరు. ఫీల్డుకైతే లావు అన్న మాటను కోట్స్‌లో పెట్టి ఇవ్వాలి. టెక్స్ట్‌కైతే హ్యాష్ గుర్తుతో మొదలయ్యే సంకేతంగా, చదరపు బ్రాకెట్ల జాబితాలో పెట్టి ఇవ్వాలి. ఫీల్డు కోసం రాసిన స్క్రిప్టును తెచ్చి టెక్స్ట్‌కు వాడితే పనిచేయదు, అటుది ఇటూ అంతే. లింగో లెక్క ఒకటి నుంచి మొదలవుతుంది, సున్నా నుంచి కాదు. అందువల్ల రెండు సాధనాల్లోనూ పనిచేసేవారు రంగు ఒక అక్షరం అటో ఇటో జరిగిందని చూడగానే లెక్క ఎక్కడ తప్పిందో పోల్చుకోగలిగేవారు. అక్షరం, పదం, పంక్తి అని విడివిడిగా పిలవగలగడం లింగోలో గొప్ప సౌకర్యం. మూడో పంక్తిలో రెండో పదానికి ఎరుపు వేయమని నేరుగా చెప్పవచ్చు. దీన్ని రూపొందించినవారి మనసులో ప్రోగ్రామర్ కాని మనిషి ఉన్నాడని అక్కడ తెలుస్తుంది.

డైరెక్టర్‌లో పరీక్షించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. తయారీ సమయంలో స్క్రిప్టు టెక్స్ట్‌కు చేసిన మార్పు, నడుస్తున్న పాఠాన్ని ఆపాక కూడా అలాగే ఉండిపోతుంది. లావు చేసే స్క్రిప్టును తీసేసినా అక్షరాలు లావుగానే కనిపిస్తాయి. లోపం పోలేదనుకుని పొద్దుపోయేదాకా వెతికే ప్రమాదం ఉంది. ప్రతి పరీక్షకు ముందూ స్క్రిప్టే అన్నింటినీ మామూలు స్థితికి తేవడం దీనికి మందు. మెసేజ్ విండోలో పుట్ ఆజ్ఞతో ఒక్కొక్క అక్షరం ఫాంటు, రంగు అడిగి చూడటం ఇంకో మంచి అలవాటు. తెరను నమ్మడం కంటే అది నయం.

బయటి ఫైలు నుంచి పాఠం తెచ్చుకున్నప్పుడు ప్రతి పంక్తి మొదట్లో చిన్న డబ్బా గుర్తు కనిపించడం డైరెక్టర్ కాలపు మరో ఫిర్యాదు. విండోస్ ఫైళ్లలో పంక్తి చివర 13, 10 అని రెండు కోడ్‌లు ఉంటాయి. డైరెక్టర్‌కు 13 ఒక్కటి చాలు, మిగిలిన 10 డబ్బాగా తేలుతుంది. ఫ్లాష్‌లో అదే జంట వల్ల పంక్తుల మధ్య అదనపు ఖాళీ వస్తుంది. ఫ్లాష్ ఫీల్డు 10ని కూడా లోపల 13గానే దాచుకుంటుంది. అందుకే స్క్రిప్టు 10 కోసం వెతికితే ఒక్క పంక్తీ దొరకదు. కంటికి కనిపించని అక్షరాలను అనుమానించినప్పుడు కోడ్ నంబర్లను వరసగా అచ్చు వేయించి చూడటమొకటే దారి.

మాక్‌లో తయారుచేసి విండోస్‌లో ఆడించాల్సి వచ్చినప్పుడు డైరెక్టర్ ఫాంట్‌మ్యాప్ అనే ఒక టెక్స్ట్ ఫైలును చూసేది. మాక్‌లోని టైమ్స్‌కు విండోస్‌లో టైమ్స్ న్యూ రోమన్ వాడాలని, మాక్‌లో 14 సైజు అయితే విండోస్‌లో 12 వేయాలని అందులో రాసి ఉండేది. ఫాంటును ఫైలులోనే పొదిగితే ఈ గొడవ ఉండదు. పొదిగిన ఫాంటు పేరు చివర ఒక నక్షత్రం గుర్తు చేరేది. స్క్రిప్టులో ఆ నక్షత్రం రాయకపోతే పొదిగిన ఫాంటు పక్కనే ఉన్నా దాన్ని పిలిచినట్టు కాదు.

ఇదే ఫాంట్‌మ్యాప్ మాక్‌కూ విండోస్‌కూ మధ్య ఫాంట్ల పేర్లనే కాక, 128 పైనున్న అక్షరాల కోడ్‌లను కూడా మార్చేసేది. ఇంగ్లీషు, ఫ్రెంచి పాఠాలకు అది మేలు. గుర్తుల ఫాంటుకు మాత్రం అలా మార్చవద్దని ఆ ఫైలులోనే ప్రత్యేకంగా రాసి ఉండేది. తెలుగువారి పాత ఫాంట్లు ఆ గుర్తుల ఫాంటు కోవలోకే వస్తాయి. అను, శ్రీలిపి వంటి వ్యవస్థల్లో తెలుగు అక్షరాలకు సొంత కోడ్‌లు లేవు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు గుణింతాలు, ఒత్తులు, తలకట్లు ముక్కలుగా కూర్చి ఉంటాయి. ఫైలులో దాగింది అర్థంలేని రోమన్ అక్షరాల వరస. దానికి తెలుగు రూపాన్నిచ్చేది ఫాంటే. ఈనాడు వెబ్‌సైటు కూడా యూనికోడ్‌కు మారకముందు తన సొంత ఫాంటుతోనే నడిచింది.

ఇప్పుడు మొదటి క్విజ్‌ను తెలుగులో ఊహించుకుందాం. ప్రశ్న మారగానే ఫీల్డు తన అలవాటు ఫాంటుకు, అంటే టైమ్స్ న్యూ రోమన్‌కు జారిపోతుంది. ఇంగ్లీషు క్విజ్‌లో అయితే ఎరుపు మాత్రమే పోయేది. ఇక్కడ ప్రశ్న మొత్తం రోమన్ అక్షరాల చెత్తగా మారుతుంది. బిడ్డ ఏమీ చదవలేదు. ఫార్మాటింగ్ అంటే అలంకారం అనే మాట ఈ చోట చెల్లదు. పాత ఫాంట్ల తెలుగుకు ఫార్మాటింగే లిపి.

ఆ ఫాంట్లను అంతకాలం వాడటం అజ్ఞానం వల్ల జరిగింది కాదు. ఫ్లాష్ పాత టెక్స్ట్ ఫీల్డుకు పొదిగిన అక్షరాలను పక్కపక్కన పేర్చడం మాత్రమే తెలుసు. ఒత్తును కిందికి దించడం, గుణింతాన్ని హల్లుతో కలపడం తెలియదు. తెలుగు కోడ్‌లు యూనికోడ్‌లో 1991 నుంచే ఉన్నాయి. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ గౌతమి ఫాంటును తెచ్చింది. ఫాంటు పొదగకుండా ఆ కంప్యూటర్ ఫాంటునే వాడుకుంటే తెలుగు సరిగ్గా కూర్చుకునేది. కానీ చూసేవారి కంప్యూటర్‌లో ఆ ఏర్పాటు ఉండాలి, అక్షరాలను తిప్పకూడదు, మెల్లగా తేల్చకూడదు. ముక్కల ఫాంటుతో అయితే ఏ కంప్యూటర్‌లోనైనా, ఏ కోణంలోనైనా తెలుగు కనిపించేది. తయారీదార్లు ఆ వైపు మొగ్గారంటే అది ఆనాటి సాధనాల తప్పు. డైరెక్టర్‌కు యూనికోడ్ వచ్చింది 2008లో, 11వ వెర్షన్‌తో. అదే ఏడాది ఫ్లాష్ ప్లేయర్ 10 కొత్త టెక్స్ట్ ఇంజిన్‌తో వచ్చింది. దాని మీద కట్టిన టెక్స్ట్ లేఅవుట్ ఫ్రేమ్‌వర్క్ భారతీయ లిపులను కూడా కూర్చగలదని అడోబీ చెప్పింది. అప్పటికి సీడీల కాలం ముగింపుకొచ్చింది.

యూనికోడ్ వచ్చాక కష్టాలు తీరలేదు, రూపం మార్చుకున్నాయి. స్క్రిప్టు లెక్కపెట్టేది అక్షరాలను కాదు, కోడ్‌లను. తెలుగు అన్న మాటలో మనకు మూడు అక్షరాలు, స్క్రిప్టుకు ఆరు. స్త్రీ అన్నది మనకు ఒక్క అక్షరం, స్క్రిప్టుకు అదీ ఆరే. సకారం, పొల్లు, తకారం, పొల్లు, రేఫ, ఈత్వం. మొదటి అక్షరాన్ని పెద్దది చేయమంటే సకారం ఒక్కటే పెద్దదై ఒత్తులు విడిపోవచ్చు, లేదా అసలేమీ జరగకపోవచ్చు. టైపు చేస్తున్నట్టుగా ఒక్కొక్క అక్షరం తేలే యానిమేషన్ ఇంకా ఘోరం. స, స్, స్త, స్త్, స్త్ర అని లేని మాటలన్నీ మెరిసి, చివరికి స్త్రీ వస్తుంది. చదవడం నేర్చుకుంటున్న బిడ్డకు చూపాల్సిన క్రమం అది కాదు. ఒకటో తరగతి పాఠంలో ఇలాంటి యానిమేషన్ పెట్టడం కంటే మాట మొత్తాన్ని ఒకేసారి చూపడం వెయ్యి రెట్లు మేలు.

వెతుకులాటలోనూ ఇదే చిక్కు. సాఫ్ట్‌వేర్ అని తెలుగులో రాసేటప్పుడు వకారం కిందికి దిగి ఒత్తు కాకుండా, పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక కోడ్ పెడతారు. పాఠంలో అది ఉండి, స్క్రిప్టు వెతికే మాటలో లేకపోతే రెండూ ఒకటి కావు. ఆ పదానికి రంగు పడదు. ఐత్వానికి ఇంకో సొగసు. కై అన్నదాన్ని ఒకే ఐత్వం కోడ్‌తో రాయవచ్చు, ఎత్వం కోడ్‌కు కింది గుర్తు కోడ్‌ను జోడించీ రాయవచ్చు. యూనికోడ్ ఈ రెంటినీ సమానమే అంటుంది. కోడ్‌లను మాత్రమే పోల్చే స్క్రిప్టు కాదంటుంది. వెతకడానికి ముందు రెండు వైపులనూ ఒకే రూపానికి తెచ్చుకోవాలి. దీన్ని నార్మలైజేషన్ అంటారు.

తెలుగు అక్షరాల కూర్పు ఎంత సున్నితమో 2018 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చూసింది. జకారం, పొల్లు, ఞకారం, ఆ కనిపించని కోడ్, ఆత్వం అనే ఐదు కోడ్‌ల వరస ఒక సందేశంలో వస్తే చాలు, ఐఫోన్‌లో ఆ యాప్ కుప్పకూలేది. ఆపిల్ అదే నెల 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిచేసింది. అక్షరాలను తెరకు అందించే ఇంజిన్‌లోని లోపమది. తెలుగును ఆఖరున, తీరిక ఉంటే పరీక్షించే అలవాటు మారకపోతే ఇలాంటివి మళ్లీ వస్తాయి. తెలుగు పాఠం తయారుచేసేవారు ఇంగ్లీషు నమూనా వాక్యంతో స్క్రిప్టు రాసుకుని, అంతా కుదిరాక తెలుగు పోయడం మానాలి. మొదటి రోజు నుంచే స్త్రీ, జ్ఞానం, సాఫ్ట్‌వేర్, కైలాసం వంటి మాటలతో పరీక్షించాలి.

ఈ మధ్య ఒక మంచి మార్పు వచ్చింది. 2023 సెప్టెంబరులో వెలువడిన యూనికోడ్ 15.1, పొల్లుతో కలిసిన సంయుక్తాక్షరాన్ని ఒకే ముక్కగా చూసే నియమాన్ని చేర్చింది. అందులో తెలుగు ఉంది. అంతకుముందు స్త్రీ మూడు ముక్కలయ్యేది, ఇప్పుడు ఒక్కటే. జావాస్క్రిప్ట్‌లో సెగ్మెంటర్ అనే సాధనంతో మాటను ఇలా అక్షరాలుగా విడగొట్టవచ్చు. కొత్త నియమం ఇంకా చేరని పాత బ్రౌజర్‌లో మూడు ముక్కలే రావచ్చు కాబట్టి పాత ఫోన్లలోనూ చూసుకోవాలి.

ఫ్లాష్ ప్రొఫెషనల్ 2016లో యానిమేట్ అని పేరు మార్చుకుంది. ఫ్లాష్ ప్లేయర్‌కు 2020 డిసెంబరు 31తో మద్దతు ఆగింది. ఇప్పుడు యానిమేట్ నుంచి పాఠాలు ఎక్కువగా హెచ్‌టీఎంఎల్5 కాన్వాస్ రూపంలో బయటికొస్తాయి. కాన్వాస్‌లో తెలుగు కూర్పు పని బ్రౌజర్ చూసుకుంటుంది, ఆ భారం తీరింది. కొత్త తిప్పలు వేరే. ఒక డైనమిక్ టెక్స్ట్ మొత్తానికి ఒకటే ఫాంటు, ఒకటే రంగు. ఒక్క పదం ఎర్రగా కావాలంటే దాన్ని విడి టెక్స్ట్‌గా పక్కన అమర్చాలి. ఫాంటు వాక్యంలో సైజు పక్కన పిక్సెల్ గుర్తు మరిస్తే కాన్వాస్ ఆ ఆజ్ఞను చప్పుడు లేకుండా వదిలేసి పాత ఫాంటుతోనే సాగిపోతుంది. వెబ్ ఫాంటు దిగకముందే అక్షరాలు గీస్తే వేరే ఫాంటుతో గీస్తుంది. ఫాంటు దిగాక తనంతట తాను మళ్లీ గీయదు. ఫాంట్లన్నీ వచ్చాయని బ్రౌజర్ చెప్పేదాకా ఆగి, ఆపైన మొదటి ఫ్రేము నడపాలి. సిలికానాంధ్ర వెలుగులోకి తెచ్చిన మండలి, రామభద్ర వంటి తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి, వాటిని పాఠంతో పాటే సర్వర్‌లో ఉంచుకోవచ్చు.

పాత తెలుగు సీడీలు, ఫ్లాష్ పాఠాలు ఇంకా కొన్ని బడుల బీరువాల్లో, ఇళ్ల అటకల మీద ఉన్నాయి. 2020 నవంబరులో ఇంటర్నెట్ ఆర్కైవ్, రఫుల్ అనే ఎమ్యులేటర్ సాయంతో ఫ్లాష్ బొమ్మలను తిరిగి నడిపించడం మొదలుపెట్టింది. తెలుగు పాఠాలకు ఎమ్యులేటర్ ఒక్కటే చాలకపోవచ్చు. ఫాంటు పొదగని పాఠాన్ని నడిపితే మళ్లీ ఆ రోమన్ అక్షరాలే కనిపిస్తాయి. కాబట్టి దాచేవారు ఆడే ఫైలుతో సరిపెట్టకుండా, ఎఫ్‌ఎల్‌ఏ మూల ఫైలును, అందులో వాడిన ఫాంటు ఫైళ్లను కూడా ఒకే ఫోల్డరులో ఉంచాలి. ఫ్లాష్ సీఎస్5 వెర్షన్ నుంచి ఎఫ్‌ఎల్‌ఏ ఫైలు నిజానికి ఒక జిప్ మూట. విప్పితే లోపల ఎక్స్‌ఎంఎల్ ఫైళ్లుంటాయి. వాటిలో ప్రతి టెక్స్టు ముక్క, దానికి వాడిన ఫాంటు పేరు కలిసే రాసి ఉంటాయి. ఆ పేరును బట్టి ఏ పాత ఫాంటు పట్టికతో యూనికోడ్‌లోకి మార్చాలో తేల్చుకోవచ్చు.